ఆకుపచ్చ అంచు కోట్లు

మంగళవారం

ఈ డైరీ అమ్మాయి ఇచ్చింది. వాళ్ళ ఓడల మరమ్మతు యార్డులో ఏటా ఇస్తారట. ప్రతి పేజీకీ పైన లంగరు బొమ్మ ఉంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదమ్మా. నీకు చెక్ వాల్వు లేదు. మనసులోకి ఏదొస్తే అది నా మీదికి తన్నుకొస్తుంది. పనికి పోయేదాన్ని గుమ్మంలో నిలబెట్టి చెప్పే బదులు ఇందులో రాసుకో" అంది. నాలుగో తరగతి చదువుకి ఇంత లావు పుస్తకమా అన్నాను. నీ దిగులుకి ఇదీ చాలదు అంది.

నా దిగులు ఊరికే వచ్చిందా? అల్లుడు ఇంజను గదిలో నూనె పని చేసే ఓడే ఇప్పుడు అమ్మాయి వాల్వుల షెడ్డుకి మరమ్మతుకి వచ్చింది. పెళ్ళాం బిగించిన ఓడ మీద మొగుడు ఎక్కడం. ఇద్దరూ దీన్ని పెద్ద వేడుకలా చెప్పుకుంటున్నారు. ఒకే చెట్టు కొమ్మకి రెండు ఉయ్యాలలు కట్టకూడదని మా అమ్మ అనేది.

బుధవారం

నిన్న భోజనాల దగ్గర అడిగాను, అసలు ఆ చెక్ వాల్వు ఎందుకని. అమ్మాయి కంచం పక్కనే గ్లాసూ గరిటే పెట్టి చూపించింది. గొట్టం లోపల ఒక రెక్క ఉంటుందట, మన వాకిలి తలుపులాగా. నీళ్ళు ఇటునుంచి తోస్తే తెరుచుకుంటుంది. అటునుంచి వెనక్కి వస్తే దానంతట అదే పడిపోయి మూసుకుంటుంది. మనిషి ముట్టుకోనక్కర్లేదు. మనిషి మరిచిపోయినా అది మరిచిపోదట.

"ఎక్కడెక్కడ పెడతారు?" అన్నాను.

"సరుకు గదుల అడుగున గుంటలుంటాయి, ఊరిన నీళ్ళు అక్కడికి చేరతాయి. పంపు ఆ నీళ్ళు లాగి సముద్రంలో పోస్తుంది. ఆ గొట్టం మొదట్లో ఒకటి, లాగిన నీళ్ళు మళ్ళీ గుంటలోకి దిగకుండా. ఓడ పక్కనుంచి నీళ్ళు బయటికి పోయే చోట ఒకటి, అలలు లోపలికి రాకుండా."

"పంపుకో?"

"పంపు మూతి దగ్గరా ఉంటుంది, అత్తయ్యా" అన్నాడు అల్లుడు. "బాయిలరుకి నీళ్ళు పోయే గొట్టానికి ఉంటుంది. అక్కడ లేకపోతే మరిగే నీళ్ళు వెనక్కి తంతాయి."

"మరి మరుగుదొడ్డికో?"

ఇద్దరూ నవ్వారు. అల్లుడు పొలమారి నీళ్ళు తాగాడు. "ఉంది అత్తయ్యా. మొట్టమొదట దానికే పెడతారు. ఓడ ఒరిగిందంటే, అది లేకపోతే కూర్చున్నవాణ్ణి సముద్రం పైకి లేపుతుంది."

నవ్వారు గానీ, లేనిచోటు ఏదని అడిగితే ఇద్దరూ చెప్పలేకపోయారు. ఎక్కడో ఒకటి లేని గొట్టం ఉండే ఉంటుంది.

శుక్రవారం

మూటలాయన కొత్త మూట దించి పోయాడు. ఏదో ఆసుపత్రిలో తీసేసిన డాక్టరు కోట్లు. తెల్లవి, అంచుకి ఆకుపచ్చ పట్టీ. ఈ వీధిలో తుడుపు గుడ్డలు చింపేవాళ్ళు ఇంకొందరున్నా కోట్ల మూట నాకే ఇచ్చాడు, నా చేతిపని శుభ్రంగా ఉంటుందని. ఇవన్నీ ముక్కలై యార్డు స్టోరుకి పోతాయి, అక్కణ్ణించి ఓడల్లోకి. నూనె తుడుచుకోడానికి.

గుండీలు తీసేయాలి. జేబు కుట్లు తీసేయాలి. కాలరు కోసి పారేయాలి, దాని లోపల అట్టలాంటి గట్టి గుడ్డ ఉంటుంది. మెత్తటి గుడ్డే మూటలో పడాలి. ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కత్తెరతో ఒక్క గాటు పెట్టి చర్రున చింపుతాను. నాది ఎడమచెయ్యి వాటం, గాటు ఏటవాలుగా పడుతుంది. అల్లుడు ఓడలో గుడ్డ చేతిలోకి తీసుకుని "ఇది మా అత్తయ్యది" అని అందరికీ చూపిస్తాడట.

అమ్మాయి చెయ్యి ఊపుతూ నా ఎదుట నిలబడి "ఎన్ని వేళ్ళమ్మా?" అంది. చెప్పాను. సరిగ్గానే చెప్పాను. "కంటి డాక్టరు దగ్గరికి ఆదివారం పోదాం" అంది. ఆదివారం వాళ్ళుండరు అన్నాను.

శనివారం

కళ్ళు బాగానే ఉన్నాయి. సాయంత్రమైతే ఎవరికైనా మసకే. వేళ్ళకి తెలుస్తుంది, కాలరో కాదో. ఇన్నేళ్ళ చెయ్యి.

సోమవారం

మూట పోయింది. తెల్ల మీద తెల్ల, కళ్ళు చికిలించి చికిలించి తల దిమ్మెక్కింది. చింపుతున్నంతసేపూ ఓడ గురించే ఆలోచన. మూటలాయన తొందర. అన్ని కాలర్లూ తీశాను. తీసిన కాలర్ల గుట్ట ఇంకా వంటగది మూల ఉంది, చూస్తే తెలుస్తుంది. తీశాననే అనుకుంటున్నాను. తీశాను.

మంగళవారం

రాసి చాలా రోజులైంది. రాయడానికి ఏమీ లేక కాదు, అంతా బాగానే ఉంది. బాగున్నప్పుడు రాస్తే దిష్టి తగులుతుందని భయం. ఓడ డాకు నుంచి బయటికొచ్చి జెట్టీకి చేరింది. సిమెంటు ఎక్కిస్తున్నారు. అల్లుడు ఇంటికీ ఓడకీ మధ్య తిరుగుతున్నాడు. వెళ్ళే ముందు అమ్మాయికి కొత్త చెప్పులు కొనిచ్చాడు. షెడ్డులో నూనెకి జారుతోందట. ఆమె అవి వేసుకుని ఇల్లంతా నడిచింది.

గురువారం

ఓడలోకి నీళ్ళొచ్చాయట. అల్లుడు క్షేమం.

శుక్రవారం

మనిషికేం కాలేదు. సరుకు గదిలోకి నీళ్ళు ఎక్కాయి. సిమెంటు బస్తాల అడుగు వరస మొత్తం గట్టిపడి అరుగైపోయింది. సమ్మెటలు పెట్టి పగలగొడుతున్నారట.

జరిగింది ఇది, నాకు అర్థమైనంత వరకు. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. గుంటలో నీళ్ళు లాగాలి. పంపు ఎండిపోయి ఉంటే లాగదట. ముందు సముద్రపు వాల్వు కాస్త తెరిచి దానికి కాసిని నీళ్ళు తాగించాలి. తాగాక ఆ వాల్వు మూసెయ్యాలి. అందరూ అలాగే చేస్తారట. అది మూయకపోతే సముద్రం గొట్టంలో పడి గుంట వైపు నడుస్తుంది. నడిచినా గుంట దగ్గర చెక్ వాల్వు రెక్క పడి ఆపాలి. ఆగలేదు.

ఓడ పెద్ద ఇంజనీరు అన్నాడట, రెండూ తప్పితే తప్ప నీళ్ళు రావని.

అల్లుడు "నేను మూసే పంపు ఆపాను" అంటాడు. అమ్మాయి "నేను రెక్క రుద్ది నీళ్ళ పరీక్ష పెట్టాను, చుక్క జారలేదు, మేస్త్రీ చూశాడు" అంటుంది. ఇద్దరూ నిజం చెప్తే నీళ్ళు ఎలా వచ్చాయి?

అది ఈ ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు. సాయంత్రం మాత్రం అల్లుడు చేతులు కడుక్కుంటూ, గోడతో మాట్లాడినట్టు, "పరీక్ష బల్ల మీద ఆగడం వేరు, ఓడలో ఆగడం వేరు" అన్నాడు. అమ్మాయి కూర తిప్పుతున్న గరిటె ఆపింది. "తాగినవాడు కుళాయి కట్టాలి. కట్టకపోతే తలుపుని తిట్టడం దేనికి" అంది.

అంతే. ఇంక మాటల్లేవు.

శనివారం

ఇప్పుడు మాటలన్నీ నా మీదుగా పోతున్నాయి.

"అత్తయ్యా, నా నీలం చొక్కా ఎక్కడుందో మీ అమ్మాయిని అడగండి."

అమ్మాయి మూడడుగుల దూరంలోనే ఉంది. "అమ్మా, తీగ మీద ఉందని చెప్పు."

"తీగ మీద ఉందట, బాబూ."

"తడిగా ఉందా అని అడగండి."

"నువ్వే పోయి పట్టుకు చూసుకో నాయనా, అది తడో పొడో నా నోటికి ఎలా తెలుస్తుంది" అన్నాను. ఇద్దరికీ నవ్వు రావాల్సింది. రాలేదు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పోకచెక్కయినా కాసేపటికి తెగిపోతుంది.

ఆదివారం

కొత్త చెప్పులు మంచం కిందికి తోసేసింది. పాతవే వేసుకుంటోంది.

సోమవారం

ఆ వాల్వుకి తీగ చుట్టి సీలు వేశారు. ఓడలు తనిఖీ చేసే సర్వేయరు వచ్చేవరకు ఎవరూ ముట్టకూడదు. ఆయన గురువారం వస్తాడు. ఆయన ముందు విప్పుతారు, అమ్మాయీ ఉండాలి, అల్లుడూ ఉండాలి.

రెక్క సరిగ్గా పట్టకపోతే అమ్మాయి ఉద్యోగం పోతుంది. షెడ్డులో వాల్వుల మీద చెయ్యి వేయనిచ్చిన మొదటి ఆడమనిషి ఆమె. దాంతో ఆఖరూ అవుతుంది. రెక్క బాగుంటే తప్పంతా అల్లుడిది. అతన్ని ఓడ నుంచి దింపేస్తారు. మాట పాకితే ఇంకో ఓడ ఎక్కనివ్వరు.

దేవుడికి దణ్ణం పెడదామని నిలబడ్డాను. ఏమని అడగాలి? రెక్క బాగుండాలనా, పాడవ్వాలనా? ఊరికే నిలబడి వచ్చేశాను.

ఉద్యోగం ఒకరిదే పోతుంది. కాపురం మాత్రం ఇద్దరిదీ పోతుంది. పని చెడగొట్టిందని ఒకరు, అబద్ధమాడాడని ఇంకొకరు అనుకుంటూ ఒక కప్పు కింద ఎన్నాళ్ళుంటారు?

మంగళవారం

అల్లుణ్ణి ఒంటరిగా అడిగాను. "నిజంగా మూశావా బాబూ?"

చాలాసేపు బూటు తుడుచుకున్నాడు. "మూశాను అత్తయ్యా."

అమ్మాయిని అడిగాను. "నన్నడుగుతున్నావా అమ్మా, నువ్వు" అంది. ఇంక అడగలేదు.

మూటలాయన వచ్చాడు. ఈసారి దుప్పట్లు. ఒంట్లో బాగాలేదని పంపేశాను. ఎందుకు పంపేశానో తెలియదు. ఒంట్లో బాగానే ఉంది.

బుధవారం

వంటగది మూల కాలర్ల గుట్ట ఎత్తి బయట పారేశాను. ఎలుకలు చేరతాయని.

గురువారం

ఇద్దరూ కలిసి వచ్చారు.

కిటికీలోంచి చూశాను. వీధి మలుపులో అల్లుడు ఆగాడు, ఆమె చెప్పులో రాయి తీసుకుంటూ ఆయన భుజం పట్టుకుంది. వాకిట్లోకి రాగానే అల్లుడు "ఆకలేస్తోంది" అన్నాడు, సూటిగా ఆమెతోనే. ఆమె "చేతులు కడుక్కో ముందు, గ్రీజుతో కంచం ముట్టకు" అంది. సూటిగా ఆయనతోనే. నన్నెవరూ మధ్యలో పెట్టలేదు. ఎంత హాయిగా ఉందో.

"ఏమైంది, చెప్పరేం?"

"రెక్క బాగానే ఉందమ్మా. కింద ఏదో చెత్త అడ్డం పడింది. అందుకే మూసుకోలేదు."

"అల్లుడికేమైనా...?"

"మందలించారు. ఓడలోనే ఉంటాడు. గుంటలో గొట్టం మూతికుండే జల్లెడకి చెయ్యి పట్టేంత చిల్లుంది, తుప్పు. చెత్త అందులోంచే దూరింది. అది ఓడవాళ్ళ లోపం. వాళ్ళకీ గొడవ పెంచుకోవడం ఇష్టం లేదు."

"ఏం చెత్త?"

అమ్మాయి అల్లుడి వైపు చూసింది. అల్లుడు నీళ్ళు తాగుతున్నాడు.

"చెత్తమ్మా. ఓడ అడుగున ఏముండదు? నువ్వు కూడా తిను."

తిన్నాను. చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది.

శుక్రవారం

ఏం చెత్త?

శనివారం

అమ్మాయి షెడ్డులోని చెవిటి మేస్త్రీ వచ్చాడు. ఇనుము కొట్టి కొట్టి ఆయనకి చెవులు పోయాయి. ఎదుటివాళ్ళకీ పోయాయనుకుని అరిచి మాట్లాడతాడు. అమ్మాయి మరిచిపోయిన గుర్తింపు కార్డు ఇవ్వడానికి వచ్చాడు. వాళ్ళిద్దరూ బజారుకి పోయారు. కూర్చోమని టీ ఇచ్చాను.

"మీ పిల్ల బంగారం అక్కా" అని అరిచాడు. "విప్పగానే రెక్క మీద వేలు పెట్టి చూశా. అద్దం. సర్వేయరే మెచ్చుకున్నాడు."

"అడ్డం పడింది ఏంటి?" అన్నాను. రెండుసార్లు చెవిలో అరిచి అడగాల్సొచ్చింది.

"గుడ్డ. మామూలు గుడ్డయితే పంపు మింగేసి అవతల కక్కేసేది. ఇది కాలరు. ఏదో డాక్టరు కోటుది, ఆకుపచ్చ పట్టీ ఉంది. గట్టిది కదా, మడతపడి రెక్క కింద మేకులా కూర్చుంది. ఏ గుడ్డిమొహం చింపిందో గానీ, గాటు కూడా వంకరే."

టీ గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కన పడింది.

"సర్వేయరు దాన్ని ఎత్తి పట్టుకుని, ఇది ఎవరి గుడ్డ, ఎక్కణ్ణించొచ్చింది, ఎవరికైనా తెలుసా అన్నాడు. మీవాళ్ళు అప్పటిదాకా ఎడమొహం పెడమొహం. షెడ్డంతా నవ్వుకుంటూనే ఉన్నాం. అప్పుడు చూసుకున్నారక్కా ఒకరి మొహం ఒకరు. అదేం చూపో. మీ అల్లుడు తెలీదండీ అన్నాడు, మీ పిల్ల తెలీదండీ అంది. ఒక్కసారే, పాట పాడినట్టు. సర్వేయరు దాన్ని సంచిలో వేసుకున్నాడు. ఇకనుంచి స్టోరులో గుడ్డల మూటలు విప్పి చూసి గానీ తీసుకోరు."

ఇంకో గ్లాసు టీ అడిగాడు. ఇచ్చాను.

శనివారం, సాయంత్రం

వాళ్ళకి తెలుసు. గాటు చూడగానే తెలిసిపోయింది ఇద్దరికీ. అన్నాళ్ళు నా మీదుగా మాట్లాడుకున్నవాళ్ళు నా కోసం ఒక్క మాటా లేకుండా కలిసిపోయారు.

తీశాననే అనుకున్నాను. తెల్ల మీద తెల్ల. నేను చూసి తీయలేదు, తీసి చూడలేదు.

నేను చెప్పకపోయినా ఎవరూ అడగరు. వాళ్ళు చెప్పరు, గుడ్డ సంచిలో పోయింది. గడిచిపోతుంది. అదే మంచిదేమో. మళ్ళీ కదిలిస్తే ఏమవుతుందో. సర్వేయరు దాకా పోతే వాళ్ళు అబద్ధం చెప్పారని ఉన్న ఉద్యోగాలూ పోవచ్చు. బయటికి చెప్పకూడదు, అది నిజమే. ఇంట్లో?

ఇంట్లో కూడా చెప్పకూడదు. వాళ్ళు సంతోషంగా ఉన్నారు.

ఆదివారం

చెప్పేశాను. నోట్లో నువ్వుగింజ నానితే కదా.

భోజనాల దగ్గర, కంచాల్లో వడ్డించాక చెప్పాను. "ఆ కాలరు నాది."

అమ్మాయి "ఏ కాలరు?" అంది.

"ఆకుపచ్చ అంచుది. ఆసుపత్రి కోటు. నేను తీయకుండా మూటలో వేశాను."

"అమ్మా, అన్నం చల్లారిపోతోంది."

"నాకు కనపడలేదు. వేళ్ళకి తెలుస్తుందనుకున్నాను, అవీ మొద్దుబారాయి. మీ ఇద్దర్నీ అన్ని రోజులు..."

"ఏ కాలరూ లేదు, ఏ కోటూ లేదు. చెవిటాయన ఏదో వాగి ఉంటాడు. తిను." గొంతు గట్టిగానే ఉంది గానీ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఈ ఇంట్లో చెక్ వాల్వు లేనిది నాకొక్కదానికే. లోపలికి పోయిన మాట వాళ్ళ దగ్గర్నించి చచ్చినా వెనక్కి రాదు.

అల్లుడు కంచంలోకే చూస్తూ, "మూశాననే నేనూ అనుకున్నాను, అత్తయ్యా" అన్నాడు.

అమ్మాయి ఆయన వైపు తిరిగింది. కూర గిన్నె తీసి ఆయన కంచంలో ఇంకాస్త వేసింది. తర్వాత నాకు వేసింది.

ముగ్గురం తిన్నాం.

సోమవారం

మూటలాయనకి కబురు పెట్టాను, ఇంక వద్దని. వచ్చి, ఎందుకు, ఇంకొకరికెవరికైనా పని ఒప్పుకున్నావా అన్నాడు. కళ్ళు కనపడటం లేదు నాయనా అన్నాను. నీకా, నన్ను సందు చివర్నించే గుర్తుపట్టి తిడతావు కదా అన్నాడు. నిన్ను కాదు, నీ మూటని గుర్తుపడతాను అన్నాను.

కత్తెర అమ్మాయికి ఇచ్చేశాను. షెడ్డులో రబ్బరు కోసుకోడానికి పనికొస్తుందట.

గురువారం

ఓడ పొద్దున్నే వెళ్ళిపోయింది. అమ్మాయి సెలవు పెట్టలేదు, షెడ్డు గుమ్మంలోంచే చూసిందట. కొత్త చెప్పులు వేసుకునే పోయింది. అల్లుడు వెళ్తూ నా చెవిలో "మరుగుదొడ్డి వాల్వు నేనే రెండుసార్లు చూశాను, దిగులు పడకండి" అన్నాడు. మిగతావో అని అడిగేలోపు మెట్లు దిగిపోయాడు.

శుక్రవారం

కంటి డాక్టరు దగ్గరికి పోయాం. నేనే తీసుకెళ్ళమన్నాను.

డాక్టరు చిన్నపిల్ల. తెల్లకోటు, అంచుకి ఏ రంగూ లేదు. గోడ మీద అక్షరాల పలక ఉంది. ఒక కన్ను మూయించి చదవమంది. పెద్దవి చదివాను. దాని కిందవి కూడా, తడుముకుంటూ చదివాను. నా కళ్ళు పలక మీద కాకుండా ఆమె కాలరు మీదే ఉన్నాయి. మూలలు చక్కగా, గట్టిగా నిలబడి ఉన్నాయి. లోపల అట్టగుడ్డ ఉంటుంది.

"ఆఖరి వరస, అమ్మమ్మా?"

"కనపడుతున్నట్టే ఉందమ్మా."

"ఉన్నట్టా, ఉందా?"

అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. ఏమీ అందించలేదు.

లేదు అన్నాను.